అడ్డబోరు నీళ్ళు

పుంగనూరు శివార్లలో మా బావి ఉండేది. వీధికంతా అవే తాగే నీళ్ళు. గడప ముందుకొచ్చిన మనిషికి చెంబెడు నీళ్ళు ఇవ్వకుండా పంపితే మా అమ్మకు ఆ పూట అన్నం సయించేది కాదు. తాగినవాళ్ళు "బెల్లం కలిపినావా యేమమ్మా" అంటే చాలు, ఆ మాట వారం దాకా మాకు చెబుతూనే ఉండేది. వినలేక విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట ఇంకొక్కసారి వినాలని ఉంది, అనేవాళ్ళేరీ!

తొంభైల చివర్లో వానలు మొహం చాటేశాయి. బావి అడుగంటింది. మా వైపు బావి ఎండితే అడ్డబోరు కొట్టిస్తారు. మిషను బావిలోకి దింపి, గోడలోంచి పక్కకు పొడుచుకుంటూ పోతారు, ఏదో ఒక ఊట తగలకపోతుందా అని. ఏ పక్కకు కొట్టాలో చెప్పడానికి నాయన నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని బావి చుట్టూ ఉన్న మా చేనంతా తిరిగాడు. తూర్పు గట్టు దగ్గర టెంకాయ నిక్కి నిలబడింది.

ఆ గట్టు అవతలే మున్సిపాలిటీ పాత చెత్తదిబ్బ. అక్కడ చెత్త పోయడం మానేసి, పైన మట్టి కప్పి చాలా కాలమైంది. చుట్టూ చేలన్నీ మాడిపోతే అక్కడ మాత్రం గడ్డి పచ్చగా ఉంది. పచ్చగా ఉన్నచోట నీళ్ళుంటాయన్నది మావాళ్ళకు వేదం. ఆ పచ్చదనం యాడనుంచి వచ్చిందని ఒక్కరమూ అడగలేదు. టెంకాయ నిలబడ్డాక ఇంకేం అడుగుతాం, మా ముఖాలు!

నీళ్ళు పడ్డాయి. గోడలోంచి ధార చిమ్మింది. నాయన ఆ టెంకాయే కొట్టి, పసుపు కుంకుమ వేసి దండం పెట్టాడు. మొదటి బిందె అమ్మ తన చేత్తో చేది ఎదురింటి కోడలికి పోసింది. ఆ పిల్ల అప్పుడు చంటిబిడ్డ తల్లి.

కొన్నాళ్ళకు మా ఇంట్లో కందిపప్పు ఉడకడం మానేసింది. పాత పప్పు అంటగట్టాడని అమ్మ అంగడాయన్ని నానా మాటలూ అంది. ఆయన మార్చి ఇచ్చిందీ ఉడకలేదు. మదనపల్లె నుంచి తెప్పించినా అంతే. తర్వాత బిందెలో నీళ్ళమీద తెట్టు కట్టింది. వాన పడిన మర్నాడు ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. ఎదురింటి బిడ్డకు విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో పెట్టారు. మా నీళ్ళవల్లేనని ఎవరూ తేల్చలేదు, కాదని కూడా చెప్పలేదు. బిడ్డ బతికి బట్టకట్టింది, అంతే చాలు.

ఆ తర్వాత నీళ్ళు పరీక్ష చేయడానికి ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు బావినీ దిబ్బనూ చూశారు. మట్టి కప్పినంత మాత్రాన చెత్త ఊరుకోదనీ, వాననీళ్ళు దాంట్లోకి దిగి, ఆ కషాయమంతా కిందికి ఊరుతుందనీ చెప్పారు. మా అడ్డబోరు నేరుగా దాని కిందికే పోయిందట.

"నేనే పోయి పిల్సుకొస్తిని గదే ఆ నీళ్ళని," అన్నాడు నాయన అమ్మతో.

కొన్నేళ్ళకు ఆ దిబ్బను తవ్వి లారీలకెత్తారు. అడ్డబోరు మూతికి సిమెంటు కొట్టారు. బావిని తోడి పారబోయమంటే తోడాం, మళ్ళీ ఊరితే మళ్ళీ తోడాం. గిన్నె అయితే కడిగి బోర్లిస్తాం, నేలను ఎట్లా కడుగుతాం? నాయన వాన పడినప్పుడల్లా దోసెడు నీళ్ళు తీసి వాసన చూసి, తల అడ్డంగా ఊపి వచ్చేవాడు. నీళ్ళు బాగయ్యాయని ఆ పరీక్షలవాళ్ళు చెప్పేనాటికి ఆయన లేడు.

వాళ్ళు ఆ మాట చెప్పిన రోజు నేను కుప్పంలో అత్తగారింటి నుంచి వచ్చి ఉన్నాను. అమ్మ అందరికంటే ముందు తనే తాగింది. పప్పు పెడితే వెన్నలా ఉడికింది. అప్పుడే ఎదురింటి కోడలు ఏదో పనిమీద వచ్చింది. అమ్మ చెంబు తోమి, నిండా నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

ఆమె చెంబు ఎత్తలేదు. "ఇవి బావి నీళ్ళా అమ్మా?"

"బావివే. బాగుండాయంట. నేనూ తాగితిని."

"ఇంటికాడ తాగేసి వచ్చినాలేమ్మా," అని చెంబు నెమ్మదిగా అరుగుమీద పెట్టింది. ఆమెను ఏమనగలం? నాకు కోపం వచ్చింది కానీ ఎవరిమీద చూపాలో తెలియలేదు.

మర్నాడు అమ్మ గడప దగ్గర కొన్న నీళ్ళ క్యాను పెట్టించింది, వచ్చేవాళ్ళ కోసం. బావినీళ్ళు తను ఒక్కతే తాగేది.