మొక్కుబడి పేరు

సైదారావుది మొక్కుబడి పేరు. ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయాక వాళ్లమ్మ కొండమ్మ కృష్ణ దాటి దర్గాకు వెళ్లి, ఈసారి బిడ్డ నిలిస్తే అక్కడి సైదులు పేరు పెట్టుకుంటానని మొక్కింది. ఇతను నిలిచాడు. వాళ్ల ఊరు ముప్పాళ్ళలో అలాంటి పేర్లు వీధికి నాలుగుంటాయి, ఎవరూ వింతగా చూడరు.

నరసరావుపేట శివార్లలోని యూనివర్సిటీలో పంతొమ్మిదేళ్లుగా అతను గేటు వాచ్‌మన్. ఏటా వినాయకచవితికి విగ్రహం పీట ఒక పక్క అతను పడితే, రెండో పక్క మెస్సులో వంటచేసే మౌలాలీ పట్టేవాడు. ఇద్దరిదీ బావా బావా అనుకునే వరస. రోజూ మధ్యాహ్నం మౌలాలీ నమాజు చేసుకునేది కూడా సైదారావు గదిలోనే.

ఈ ఏడు పందిరి కమిటీ మారింది. ట్రాలీ ఆటో మీంచి ఇద్దరూ పీట దించబోతుంటే, కొత్త కమిటీ నడిపే శ్రీహర్ష అనే ఎంబీఏ కుర్రాడు అడ్డమొచ్చాడు.

"సైదా, మౌలాలీ... ఇద్దరూ పక్కకి జరగండి. సాయిబుల చెయ్యి విగ్రహం మీద పడగూడదు."

సైదారావు నవ్వాడు. "నేను హిందువునే బాబూ. ఇది మొక్కుబడి పేరు."

"రుజువేంది?"

జేబులోంచి ఆధార్ కార్డు తీసి చూపించాడు. తండ్రి పేరు పున్నయ్య అని ఉన్నా కుర్రాళ్లు నమ్మలేదు. చుట్టూ నలభై మంది, నలభై ఫోన్లు. పంతొమ్మిదేళ్లుగా మోసిన దేవుణ్ణి ఇక ముట్టనివ్వరేమోనని అతను మళ్లీ పీట పట్టుకున్నాడు.

"నేను సాయిబును కాదయ్యా! ఆళ్లకీ నాకూ ఏ సంబంధమూ లేదు. వినాయకుడి మీద ఒట్టు!"

ఆ కుర్రాళ్లను ఎంత తిట్టినా తక్కువే. కానీ సంబంధం లేదనమని వాళ్లు అడగలేదు, ఇతనే అన్నాడు.

మౌలాలీ పీట మీంచి చేతులు తీసి, కండువాకు తుడుచుకుని మెస్సులోకి వెళ్లిపోయాడు. అతను వదిలిన పక్క శ్రీహర్ష పట్టాడు, రెండో పక్క సైదారావే. విగ్రహం పందిట్లోకి చేరింది, అందరూ జై కొట్టారు.

మర్నాడు మధ్యాహ్నం అతను గది ఊడ్చి, చాప పరిచి, గుమ్మంలో నిలబడ్డాడు. మౌలాలీ సైకిల్ మీద గేటు దాటబోతున్నాడు.

"బావా, ఏళయింది. రా."

మౌలాలీ ఒక కాలు కింద ఆనించి ఆగాడు. మొహంలో కోపం కూడా లేదు.

"వద్దులెండి రావుగారూ. నా వల్ల మీకు మాటొస్తది."

పంతొమ్మిదేళ్లలో మౌలాలీ అతన్ని అలా పిలవడం అదే మొదలు.