మా దరువు కోసం తన్నుకున్నాం

ఈ సాయంత్రం బ్రాడీపేటలో ఒకడి ముక్కు పగలగొట్టాను. డప్పూ హెవీ మెటల్ గిటార్లూ కలిపి మా బ్యాండ్ చేసిన మొదటి ఆల్బమ్‌లోని దరువునే ఇంకో బ్యాండ్ స్టేజీ మీద వాయిస్తుంటే ఒళ్లు మండిపోయింది. ఎక్కి వాళ్ల డ్రమ్మర్‌ని గుద్దాను. వాడు స్టిక్కుతో నా కనుబొమ్మ చీల్చాడు. రక్తాలు కారుతూ కలబడుతుంటే, నాకు డప్పు నేర్పిన దర్శి బాబాయి వచ్చి నా చెంప పగలగొట్టాడు.

"మన దరువు దొంగిలించాడు బాబాయ్!"

"నా దరువు నువ్వు ఆల్బమ్‌లో పెట్టుకున్నప్పుడు నేను నీ ముక్కు పగలగొట్టానేంట్రా?"

ఆసుపత్రిలో నాకు కుట్లు వేస్తుంటే, పక్క మంచం మీద ముక్కుకి దూదితో ఆ డ్రమ్మర్ అన్నాడు: "అన్నా, మీ ఆల్బమ్ వినే నేను డ్రమ్స్ నేర్చుకున్నా."

మీరైతే వాడికి ఏం చెప్పేవాళ్లు?