గొర్రెపిల్లల దొడ్డికి నబీ మామ తలుపు

నర్సింగమ్మకు ఈ లోకంలో రెండంటేనే భయం. ఒకటి గుట్ట మీది సైదులు, రెండోది తన నోరు. మొక్కేటప్పుడు ఆ నోరు ముందూ వెనకా చూసుకోదు. మొక్కినాక సైదులు మరిచిపోడు.

మోదుగులగూడెంలో కురుమల ఇళ్లు ఊరికి పడమట, గుట్ట పాదాన ఉండేవి. గుట్ట మీద సున్నం కొట్టిన చిన్న దర్గా. అందులో ఉన్న సయ్యద్ సాబు ఏ కాలంవాడో ఎవరికీ తెలియదు. అరబ్బు దేశం నుంచి వచ్చాడని ముల్లా అనేవాడు. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఆగిపోయాడని కురుమలు అనేవారు. మల్లన్నకు ఎంత మొక్కేవారో ఈ సైదులుకూ అంతే మొక్కేవారు. ఈయన మీవాడా మావాడా అని అడిగే తెలివి ఆ ఊరికి అప్పటికింకా రాలేదు.

పోలీస్ యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో నర్సింగమ్మ భర్త మారయ్యను రజాకార్లు తమ క్యాంపుకు పట్టుకుపోయారు. కమ్యూనిస్టు సంగపోళ్లకు గొర్రెను ఇచ్చాడన్నది నేరం. ఇచ్చాడా అంటే ఇచ్చాడు. తుపాకీ పట్టుకుని వచ్చి అడిగితే రజాకారుకైనా ఇస్తాడు, సంగపాయనకైనా ఇస్తాడు. గొర్రెల కాపరికి అంతకు మించిన రాజకీయం ఎక్కడినుంచి వస్తుంది? ఆ మధ్యాహ్నమే నర్సింగమ్మ నల్లటి పొట్టేలుపిల్లను భుజాన వేసుకుని, ఎండలో కాళ్లు కాలుతుంటే గుట్ట ఎక్కింది.

దర్గాలో ముల్లా గులాం నబీ ఊదు వేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ఊరికంతా నబీ మామ.

"సైదులూ, నా ఇంటాయన పానంతోని ఇల్లు జేరితే, గీ పిల్లను పొట్టేలును చేసి ఉగాది పోయిన తొలి బేస్తారం నీకు కందూరు చేస్త" అని ఆమె గట్టిగా మొక్కింది.

కందూరంటే గురువారం పూట ఆ పొట్టేలును దర్గా ముందర కోసి, అక్కడే వండి, ఫాతిహా చదివించి, వచ్చినవాళ్లందరికీ పెట్టడం. ముద్ద కూడా ఇంటికి తేకూడదు. గులాం నబీ పిల్ల మెడకు పచ్చదారం కట్టాడు. "బిడ్డా, జర మెల్లగ మొక్కు. సైదులుకు చెవుడు లేదు" అన్నాడు. ఏడుస్తున్న నర్సింగమ్మకు నవ్వు వచ్చింది. ఆ రోజు ఆమెకు అన్నం సయించింది ఆ ఒక్క నవ్వు వల్లనే.

వానాకాలం చివర యూనియన్ మిలిట్రీ వచ్చింది. క్యాంపు వాళ్లు తలుపులు తెరిచిపెట్టి పారిపోయారు. మారయ్య ఎముకల గూడై ఇల్లు చేరాడు. సైదులు మాట నిలబెట్టుకున్నాడు.

కానీ ఆ రోజుల్లోనే గులాం నబీ ఊరు విడిచిపోయాడు. రజాకార్లు చేసిన పాపాలకు వాళ్ల ముఖమే చూడని ముసలివాళ్లు జవాబు చెప్పుకోవలసిన రోజులవి. పక్క ఊళ్లో జరిగినది విన్నాక ఆయన, భార్య హుస్సేన్ బీ కట్టుబట్టలతో భువనగిరిలో ఉన్న ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. మోదుగులగూడెం వాళ్లెవరూ వాళ్ల మీద చెయ్యి చేసుకోలేదు. ఉండండి, మేమున్నామని కూడా ఎవరూ అనలేదు. వాళ్లు పోయిన కొన్నాళ్లకు వాళ్ల ఇల్లు మాత్రం ఊళ్లోకి నడవడం మొదలుపెట్టింది. రోలు ఒకరింటికి, నీళ్ల కాగు ఒకరింటికి, మంచాలు మరొకరింటికి. మారయ్య ఆ ఇంటి తలుపును నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

"సిగ్గులేదా నీకు? నీ కోసం దారం కట్టిన మనిషి తలుపు!" అని నర్సింగమ్మ దుమ్మెత్తిపోసింది.

"నేను తేకుంటే పక్కింటి గుర్వయ్య తెస్తుండె. మన కాడుంటే భద్రంగన్న ఉంటది" అన్నాడు మారయ్య.

దొంగతనానికి భద్రమని పేరు పెట్టడం ఆ ఏడు చాలామందికి వచ్చింది. నర్సింగమ్మ ఇంకా తిట్టేదే. అయితే చలికాలంలో తోడేలు వచ్చి రెండు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది. మారయ్య ఆ టేకు తలుపును గొర్రెపిల్లల దొడ్డికి బిగించాడు. మళ్లీ తోడేలు రాలేదు. నర్సింగమ్మ నోరు మూసుకుంది. తలుపు మీద గులాం నబీ ఎప్పుడో కొట్టిన గుర్రపు నాడా ఒకటి ఉండేది. దొడ్డి తీసేటప్పుడు ఆమె ఆ వైపు చూసేది కాదు.

తర్వాత వసంతం వచ్చింది. అంతకు ముందు ఏడు మోదుగులు పూచాయో లేదో ఎవరూ చూడలేదు. ఈ ఏడు గుట్ట చుట్టూ ఎర్రగా విరగబూశాయి. వేపపూత రాలి వాకిళ్లు తెల్లబడ్డాయి. పొద్దున్నే ఇప్పపూల వాసన ఊళ్లోకి వచ్చేది. గొర్రెలన్నీ ఒకదాని వెంట ఒకటి ఈనాయి. దొడ్డి నిండా నల్లటి పిల్లలు. నాలుగు కాళ్లూ ఒక్కసారే పైకి లేపి ఎగిరేవి, ఎందుకు ఎగిరాయో వాటికే తెలియనట్టు నిలబడి చూసేవి. తల్లి చనిపోయిన పిల్లను నర్సింగమ్మ ఒడిలో పెట్టుకుని, ఇంకో గొర్రె పాలలో గుడ్డ ముంచి నోట్లో పిండేది. మారయ్య పక్కన కూర్చుని ఉన్ని కత్తిరించేవాడు. క్యాంపు నుంచి వచ్చాక అతను మాట్లాడటం తగ్గించాడు గానీ, గొర్రెలతో మాత్రం మాట్లాడేవాడు. చాలు, ఇంతకంటే ఏం కావాలి అనిపించేది ఆమెకు. అంతలోనే మెడలో పచ్చదారంతో సైదులు పొట్టేలు వచ్చి, ఆమె కొంగులోని చింతచిగురు కోసం మోచేతిని పొడిచేది. మొక్కు గుర్తొచ్చేది.

ఉగాది వచ్చింది, పోయింది. తొలి బేస్తారం రెండు రోజుల్లో ఉంది. కందూరు పొట్టేలును ముల్లా బిస్మిల్లా అని కోస్తేనే అది కందూరు. అసలు ఆ ఊళ్లో ముల్లా కోయని మాంసాన్ని పెద్దవాళ్లు ముట్టేవారే కారు. ఇప్పుడు ముల్లా లేడు.

కులపెద్ద బుచ్చయ్య సులువైన దారి చెప్పాడు. "గీ కాలంల ఇంకా తుర్కల దేవునికేందే? మల్లన్నకు కొయ్యి. దేవుడెవలైనా దేవుడే."

"గట్లయితే పెద్దయ్యా, నీకిచ్చిన పెండ్లిపిల్లను తీసుకపోయి గుర్వయ్యకు చేస్తె ఊకుంటవా? మనిషెవలైనా మనిషే కద" అంది నర్సింగమ్మ.

అక్కడున్నవాళ్లు తువాళ్లు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మొక్కు తప్పితే ఏమవుతుందో నర్సింగమ్మకు తెలుసు. ఇచ్చినవాడు వెనక్కి తీసుకుంటాడు. మారయ్య నిద్రలో ఉలిక్కిపడి లేచినప్పుడల్లా ఆమె గుండె గుట్ట వైపు పరుగెత్తేది. బుధవారం కోడి కూయగానే పొట్టేలు మెడకు తాడు వేసి భువనగిరి బాట పట్టింది. పోయేముందు మొగుణ్ణి హెచ్చరించింది. "నేనొచ్చే యాళ్లకు గా తలుపు తీసి మామ ఇంటికి పెట్టు."

"తీస్తె తోడేలో?" అన్నాడు మారయ్య.

ఆ మాటకు బదులుంటే ఆ తలుపు ఎప్పుడో వెనక్కి పోయేది.

బాటలో మిలిట్రీ వాళ్ల గుడారాల దగ్గర సిపాయిలు పొట్టేలును వండబోయే కూరను చూసినట్టు చూశారు. నర్సింగమ్మ పచ్చదారం చూపించి ఆకాశం వైపు చేతులెత్తింది. ఏ దేశపువాడో, ఒక సిపాయి గబుక్కున దండం పెట్టి దారి వదిలాడు.

భువనగిరిలో ఖిల్లా బండ నీడన, బామ్మర్ది గాజుల దుకాణం అరుగు మీద గులాం నబీ కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నర్సింగమ్మను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"మామా, రేపు బేస్తారం. కందూరు."

"నాతోని కాదు బిడ్డా. ఇంకెవల్నన్న తోలుకపో. గా ఊర్లె నేను కత్తి పట్టలేను. నా చేతుల కత్తి చూస్తె జనం ఏమనుకుంటరో."

"కందూరనుకుంటరు. ఆకలైతున్నదనుకుంటరు" అంది నర్సింగమ్మ.

ఆయన నవ్వలేదు. నేల చూపులు చూస్తూ, "నేను పోతుంటే ఒక్కలన్న వాకిట్లకు రాలేదు బిడ్డా" అన్నాడు.

ఆ రోజు నర్సింగమ్మ కూడా కిటికీలోంచే చూసింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే, పొట్టేలు తాడు లాక్కుని పోయి ఆయన అంగీ జేబులో మూతి పెట్టింది. పిల్లగా ఉన్నప్పుడు ఆ జేబులో దానికి జొన్నలు దొరికేవి. గులాం నబీ దాని చెవి పట్టుకున్నాడు, వదల్లేదు. దాని మెడ మీది పచ్చదారాన్ని వేలితో సవరించాడు.

లోపలినుంచి హుస్సేన్ బీ వచ్చింది. "మొక్కు సైదులుది. నీ కోపం ఊరి మీదిది. రెండూ కలుపకు, పోయి రా" అంది భర్తతో. తర్వాత నర్సింగమ్మ వైపు తిరిగి, "మా ఇల్లెట్లున్నది బిడ్డా?" అని అడిగింది.

"ఉన్నదత్తా" అంది నర్సింగమ్మ. ఆ రాత్రి వాళ్లు పెట్టిన అన్నం ఆమె సగంలోనే వదిలేసింది.

"ఒక్క దినమే. ఫాతిహా చదివి మళ్లొస్త" అని చెప్పి గులాం నబీ తెల్లవారకముందే బయలుదేరాడు.

దారి పొడవునా నర్సింగమ్మ ఒకటే లెక్క వేసుకుంది. ఊళ్లోకి పోకుండా చెరువుకట్ట మీదుగా గుట్ట ఎక్కించాలి. ఫాతిహా అయ్యాక అటునుంచి అటే పంపించాలి. మామ ఇల్లూ చూడడు, తలుపూ చూడడు. లెక్క బాగానే ఉంది గానీ అది పొట్టేలుకు ఎవరూ చెప్పలేదు. కట్ట దగ్గర మంద అరుపులు వినపడగానే అది దొడ్డి వైపు ఉరికింది. తాడు గులాం నబీ చేతిలో ఉంది. వదిలితే సైదులు సొత్తు తప్పిపోతుందని ఆయన వదల్లేదు. ముసలి కాళ్లతో దాని వెంట పరుగెత్తి, వెళ్లి వెళ్లి తన తలుపు ముందే ఆగాడు.

మారయ్య అక్కడే ఉన్నాడు. చేతిలో ఉన్న ఉన్ని కింద పడేశాడు.

గులాం నబీ నాడా మీద చెయ్యి పెట్టాడు. ఎండకు అది వేడిగా ఉందేమో, తీసి మళ్లీ పెట్టాడు.

"నీదే మామా" అంది నర్సింగమ్మ రొప్పుతూ వచ్చి. "మేమే తెచ్చినం. నిన్న అత్త అడిగితె అబద్ధం చెప్పిన. కందూరు చెయ్యకున్నా మానె, నన్ను తిట్టు."

ఆయన తిట్టలేదు. గడియ తీసి లోపలికి చూశాడు. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఒకటి లేచి, తూలుకుంటూ వచ్చి ఆయన కాలివేలు చీకింది.

"తోడేలు వస్తుండెనా?" అని అడిగాడు.

"రెండింటిని కొంటవోయింది. గిది పెట్టినంక రాలేదు" అన్నాడు మారయ్య తల ఎత్తకుండా. "ఇప్పుడే ఊడదీస్త మామా. గడ్డపార తెస్త."

"పిల్లలు మందతోని మేతకు ఎప్పుడు పోతయి?"

"మిరుగు కార్తె వానలకు పోతయి."

"అప్పటిదాంక ఉండనియ్యి" అని గులాం నబీ తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు, నిద్రపోతున్నవి లేవకుండా. తర్వాత గుట్ట ఎక్కాడు.

గుట్ట మీద ఊరంతా ఉంది. మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి, ముట్టించకుండా కూర్చున్నారు. ముల్లా వస్తాడో రాడోనని బుచ్చయ్య కూడా బాట వైపే చూస్తున్నాడు. నర్సింగమ్మ పొట్టేలుకు చివరిసారి చింతచిగురు పెట్టింది. కొమ్ముల మధ్య గోకి, "పోయిరా కొడుకా, నీ వల్ల నా ఇల్లు నిలబడ్డది" అంది. నీళ్లు చల్లితే అది ఒళ్లంతా దులిపింది, సైదులు ఒప్పుకున్నట్టు లెక్క. నీళ్లు పడితే ఏ గొర్రెయినా దులుపుతుందని వాదించేవాళ్లు వాదించవచ్చు. ఆమె మొహం తిప్పుకుంది. వెనక గులాం నబీ గొంతు వినిపించింది, "బిస్మిల్లా" అని. ఎన్ని పొట్టేళ్లను పెంచినా ఆ క్షణం ఆమెకు అలవాటు కాలేదు, అలవాటు కాకూడదనే ఆమె అనుకునేది.

ఫాతిహా అయింది. అందరూ తిన్నారు. చేతులు కడుక్కున్నాక గుర్వయ్య భార్య గుర్వమ్మ గబగబా గుట్ట దిగి పోయి, ఒక నీళ్ల కాగును నెత్తిన పెట్టుకుని గులాం నబీ ఇంటి వైపు నడిచింది. ఆ వెనక రోలు దొర్లింది. మంచం వచ్చింది. బుచ్చయ్య దగ్గరుండి మోయించాడు, అసలు ఆలోచన తనదే అన్నట్టు.

భువనగిరికి తిరిగి పోవలసిన వేళ దాటిపోయింది. గులాం నబీ ఇంటికి పోయి ఇల్లు ఊడ్చుకుని, మంచం మీద నడుము వాల్చాడు. దర్వాజ మాత్రం బోసిగా ఉంది. పొద్దు గుంకుతుండగా మారయ్య గొంగడి, కర్ర, కుక్కతో వచ్చి, ఆ కడప మీద అడ్డంగా గొంగడి పరుచుకున్నాడు.

"గిదేందిరా?" అన్నాడు గులాం నబీ.

"నీ తలుపు నా పిల్లల కాడున్నది మామా. అది వచ్చేదాంక నేను ఈడ పంట."

చెంబుతో నీళ్లు తెచ్చిన నర్సింగమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. క్యాంపు నుంచి వచ్చాక తన మొగుడు అంత పెద్ద మాట మాట్లాడటం ఆమె వినలేదు. లోపల మంచం కిర్రుమంది.

"పండితె పండు గని, గురక పెట్టకురా మారిగా" అన్నాడు గులాం నబీ. "రేపు పొద్దుగాల హుస్సేన్ బీని తోలుకరావాలె."