లోపలికి ఒక్కరే

సాయంత్రం కాలేజీ నుంచి నడిచి వస్తుంటే నారాయణగూడ ఫ్లైఓవర్ కింద జ్యూస్ బండి పక్కన బత్తాయి తొక్కల కుప్ప కనిపిస్తుంది. కనిపించే ముందే వాసన వస్తుంది, పుల్లగా, కాస్త చేదుగా, ఎండకు వాడిన వాసన. నా స్నేహితురాళ్లు ఆగి తలా ఒక గ్లాసు తాగుతారు. నాకు బత్తాయి పడదని వాళ్లతో చెప్పాను. పడకేం, బాగానే పడుతుంది. ఆ వాసన తగిలితే మాత్రం నా పదమూడో ఏడూ, చిక్కడపల్లిలో మా ఇంటి మెట్లూ, పైగదిలో మా అమ్మకు తొనలు ఒలిచి పెడుతున్న ఇంకొకరి చేతులూ గుర్తొచ్చి, వాళ్లను వదిలి ముందుకు నడుస్తాను.

అంతకు ముందు వేసవులన్నీ నావే, అమ్మ కూడా నాదే. పరీక్షలు అయిపోయిన రోజు నుంచి మా సందులో మామిడికాయ ముక్కల వాసన, ఆవపిండి ఘాటు, సెంట్రల్ లైబ్రరీలో చోటు దొరకక మా అరుగు మీద కూర్చుని పెద్దగా బట్టీ పట్టే ఉద్యోగ పరీక్షల పిల్లలు. మధ్యాహ్నం అమ్మ పని ముగించుకుని కొంగుతో ముఖం తుడుచుకుని, గచ్చు మీద సుద్దతో గళ్లు గీసి, గవ్వల డబ్బా బోర్లించేది. అష్టా చెమ్మాలో అమ్మ తొండి చేసేది, పట్టుకుంటే పకపకా నవ్వేది. మా నానమ్మ పక్కనే వక్కలు కత్తిరించుకుంటూ ఎవరు గెలిచినా సరే నన్నే తిట్టేది. అమ్మ నవ్వు నాకోసమే పుట్టిందని నా నమ్మకం.

ఆ సంవత్సరం అమ్మకు రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్ అయింది, కుట్లు మానాయి, మూడు వారాలకొకసారి కీమో అన్నారు, మొదటిది ఎక్కించారో లేదో కరోనా వచ్చి ఊరంతా మూతపడింది. మా నాన్నది నల్లా నీళ్లు వదిలే ఉద్యోగం. ఊరు మూతపడినా నీళ్లు ఆగవు కదా, రోజూ వీధి వీధి తిరిగి వాల్వులు తిప్పి వచ్చేవాడు. బయట తిరిగేవాళ్లూ, వాళ్లతో కలిసి ఉండేవాళ్లూ ఈమె దగ్గరికి రాకూడదు, మందుతో ఒంట్లో బలం పోతుంది, చిన్న జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది, చూసుకోవడానికి ఒక్కరే ఉండాలి, ఆస్పత్రిలోకి కూడా ఆ ఒక్కరినే రానిస్తాం, వాళ్లకు పద్దెనిమిది నిండి ఉండాలి అన్నాడు డాక్టర్. ఆ లెక్కన నాన్న పనికిరాడు. నానమ్మకు మోకాళ్లు పనిచేయవు. నాకు వయసు చాలదు.

మిగిలింది రజితక్క. మా పైఅంతస్తులో రెండు గదులుంటే ఒకటి అశోక్ నగర్‌లో కోచింగ్‌కు వచ్చే అమ్మాయిలకు కిరాయికిచ్చేవాళ్లం. మిగతా ఇద్దరూ ముందే ఊరెళ్లిపోయారు, ఈమె ఒక్క రోజు ఆలస్యం చేసింది, మరునాడు బస్సుల్లేవు. జగిత్యాల పక్క పల్లెటూరు, గ్రూప్స్‌కు చదివేది, పుస్తకాలకు అట్టలేసి వాటి మీద పసుపు బొట్టు పెట్టే రకం. నాన్న మొహమాటపడుతూ అడిగితే, "గందుల్ల ఏమున్నది అంకుల్, నేను ఖాళీగనే ఉన్న, సూస్కుంట" అంది. అమ్మ పైకి, రెండో గదిలోకి మారింది. ఆస్పత్రి వాళ్లిచ్చిన పాస్ మీద రజితక్క పేరు రాశారు.

మా మెట్లు పద్నాలుగు. ఏడో మెట్టు సరిహద్దు. నానమ్మ మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు, బత్తాయిల్లాంటి తొక్క మందమున్న పండ్లూ గిన్నెల్లో సర్ది ఇస్తే, నేను ఏడో మెట్టు మీద పెట్టి చెంచాతో మూత మీద కొట్టి దిగిపోవాలి. రజితక్క వచ్చి తీసుకునేది. నేను మూడో మెట్టు మీద కూర్చుని వినేదాన్ని. బండ్లు లేవు, హారన్లు లేవు, చిక్కడపల్లి మొత్తం చెవులు రిక్కించుకుని కూర్చున్నంత నిశ్శబ్దం, పైన గ్లాసు కింద పెట్టినా వినబడేది. అమ్మ జుట్టు ఊడిపోయినప్పుడు ఆమె బోడితల మొదట చూసింది రజితక్క. వాంతులకు చిలుంచీ గిన్నె పట్టింది ఆమె, కాళ్లు పిసికింది ఆమె. బోనాలనాడు నానమ్మ గడప ముందే బోనం దించి, డప్పు లేదని తానే నోటితో డప్పు చప్పుడు చేసి దండం పెడితే, పైనుంచి అమ్మ పక్కన నిలబడి చేతులు జోడించిందీ ఆమే. ఎదుటివాళ్ల సుఖం చూసి కుళ్లుకుంటారని వినడమే గానీ, వాంతుల చిలుంచీ చూసి కుళ్లుకునేవాళ్లు నాకు తెలిసి నేనొక్కదాన్నే.

నాలుగో కీమోకు ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పైనుంచి గవ్వల చప్పుడు వినిపించింది. తర్వాత అమ్మ నవ్వు, తొండి చేసి దొరికిపోయిన నవ్వు. "నీ కండ్లు పాడుగాను, అన్నీ సూస్తవేందే బిడ్డా!" అంది అమ్మ. బిడ్డా అన్నది నన్ను కాదు.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి బయటే బకెట్ నీళ్లతో స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. నేను వెళ్లి, "నాన్నా, రజితక్క పొద్దటి సంది దగ్గుతుంది" అని చెప్పాను.

ఆ రోజుల్లో దగ్గు అన్న మాటకున్న బలం ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. నాన్న ముఖంలో రక్తం లేదు. దగ్గు లేదని రజితక్క ఎంత చెప్పినా వినక, ఆమెను కిరాయి గదిలోనే ఉంచి బయట గొళ్లెం పెట్టినంత పని చేశాడు. టెస్ట్ చేయించాడు, ఫలితం రావడానికి రోజులు పట్టింది, అది వచ్చేదాకా అమ్మను తీసుకురావద్దని ఆస్పత్రి వాళ్లు ఫోన్‌లో చెప్పారు. నన్ను పైకి పంపిస్తారని నేను అనుకున్నాను. మూతికి కొంగు కట్టుకుని, ఒక్కో మెట్టుకూ దేవుణ్ని తిట్టుకుంటూ నానమ్మ ఎక్కింది.

కీమో తొమ్మిది రోజులు ఆలస్యమైంది. వాయిదా పడిందని చెప్పడానికి నాన్న సందులో నిలబడి పైకి చూశాడు. అమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని, తలకు తువ్వాల చుట్టుకుని, "మల్ల ఎప్పుడంటరు? ఒక్కొక్క రోజు లెక్కవెట్టుకుంట ఉన్ననయ్యా. నా పిల్ల పెద్దగయ్యేదాంక ఉండాలె నేను" అని గట్టిగా ఏడ్చింది. ఆపరేషన్ అప్పుడు కూడా ఏడవని మనిషి. నేను మూడో మెట్టు మీదే ఉన్నాను. అబద్ధం చెప్పానని ఒప్పుకోకుండా మెట్లు దిగి లోపలికి వెళ్లిపోయాను.

టెస్ట్‌లో ఏమీ లేదని తేలింది. రజితక్క గదిలోంచి బయటికొచ్చి మెట్ల పైన నిలబడి నావైపు చూసింది. తాను దగ్గలేదని ఆమెకు తెలుసు, చెప్పిందెవరో ఆమెకు తెలియదా? "తిన్నవా చిన్నీ?" అంది, అంతే. అమ్మకు ఆ రోజూ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే ఆ పూటే చెప్పేదాన్ని. ఆ మంచితనం మీద కూడా నాకు కుళ్లే.

అమ్మ కోలుకుంది. రజితక్క ఉద్యోగం తెచ్చుకుని వాళ్ల జిల్లాకే వెళ్లిపోయింది. అశోక్ నగర్ హాస్టళ్లు మళ్లీ కిటకిటలాడుతున్నాయి. నానమ్మ పోయింది. పైగదుల్లో వేరే కిరాయివాళ్లు ఉన్నారు, ఇప్పుడు మూడో మెట్టు మీద కూర్చుంటే పైవాళ్లు అరుచుకున్నా వినబడదు, సందులో అంత మోత. గవ్వల డబ్బా ఏ అటక మీద పోయిందో, అమ్మనడిగితే ఎందుకే అంటుంది. ఆ తొమ్మిది రోజులు మాత్రం పోలేదు. ప్రతి ఏడాది స్కాన్‌కు వెళ్లిన రోజు నాలో నేనే వాటిని లెక్కపెట్టుకుంటాను.

మొన్న మళ్లీ స్కాన్. రజితక్క సెలవు పెట్టి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది, ఏటా వస్తుంది. లోపలికి ఒక్కరే అన్నారు. నాకు పద్దెనిమిది నిండాక ఇదే మొదటిసారి, ఎవరూ మాట్లాడకముందే పాస్ తీసుకుని మెడలో వేసుకున్నాను. రజితక్క నవ్వి బెంచీ మీద కూర్చుంది.

లోపల అమ్మ ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేయి పట్టుకున్నాను, చల్లగా ఉంది. భయపడుతున్నదని తెలుస్తూనే ఉంది, నాకు తెలియనివ్వకూడదని సర్దుకుంటున్నది కూడా తెలుస్తూనే ఉంది. బిడ్డ ముందు భయపడడానికి లేదు, అదీ ఆమె బాధ. కాసేపటికి తలుపు వైపు చూస్తూ, "రజిత బయటనే ఉన్నదా?" అంది.

నేను లేచాను. బయటికొచ్చి పాస్ తీసి రజితక్క మెడలో వేశాను.

"ఏమైందే? నువ్వుండరాదు?" అంది.

"అమ్మకు భయమైతుంది. నిన్నే అడుగుతుంది, పో" అన్నాను.

ఆమె వెళ్లింది, తలుపు మూసుకుంది. ఆమె లేచిన చోట కూర్చున్నాను. బెంచీ ఇంకా వెచ్చగా ఉంది. నాకెంత కుళ్లుగా ఉందంటే, ముఖం చేతుల్లో పెట్టుకుని అందరిముందూ ఏడ్చాను.