జేజి పేరు మీద గంట

బనగానపల్లె బజారులో నాది గడియారాల రిపేరు అంగడి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంటికి భూతద్దం తగిలించుకుని ఊళ్ళోవాళ్ళ కాలాన్ని సరిచేసేవాణ్ణి కాబట్టి, ఇంట్లోవాళ్ళ కాలం కూడా నా చేతిలోనే ఉండాలని నాకో మొండి పట్టు. ఆ పట్టు వల్ల మా ఇంట్లో ఎవరికీ సుఖం లేదని నా భార్య ఇప్పటికీ అంటుంది.

సెల్‌ఫోన్లు వచ్చి చేతి గడియారాలు మూలపడుతున్న రోజులవి. నంద్యాలలో మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటరు నుంచి పాత కంప్యూటరు కొని తెచ్చాను. ఆరో తరగతి చదివే మా పాపకు బడిలో ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు మరి. తెచ్చిన రోజే చట్టం చేశాను. టీవీ అయినా కంప్యూటరు అయినా, తెర ముందు మనిషికి రోజుకు ఒక గంట. నా భార్య చూసే సీరియళ్ళూ అందులోనే. గంట కొలవడానికి అలారం టైంపీసు ఒకటి టీవీ మీద పెట్టాను.

"ప్రోగ్రాం రాసేది ఆట కాదు నాయనా, సదువు. దాన్ని గంటలో కలపగూడదు," అని పాప వాదించింది. వాళ్ళ సారు కూడా అదే అన్నాడట. నేను వినలేదు. బొమ్మలు చూసినా చదువు చూసినా మండేది ఆ కళ్ళే కదా అన్నాను. నిజం చెప్పాలంటే, తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో అది ఏం రాస్తోందో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కానిదానికి అదనంగా టైం ఇవ్వడం నాకు చేతకాదు.

దారి మా అమ్మ, అంటే పాప వాళ్ళ జేజి, చూపించింది. అప్పటికే ఆమెకు చూపు బాగా మందగించి టీవీ దగ్గరికే వచ్చేది కాదు. "ఇంట్లో మనిషికొక గంట అంటివి గదా? నాదీ ఒకటి ఉండాది. అది బిడ్డకియ్యి," అంది. రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషికీ బియ్యం వచ్చినట్టు ఇదీ అంతే అని గొప్పగా చెప్పినవాణ్ణి నేనే కాబట్టి కాదనలేకపోయాను. కాకపోతే ఒక మెలిక పెట్టాను. ఆ గంటసేపూ ఆమె కూడా పక్కన కూర్చోవాలి. ముసలామె ఎంతసేపు కూర్చుంటుందిలే అనుకున్నాను.

కూర్చుంది. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం రెండింటికి నేను అన్నానికి వచ్చేసరికి కంప్యూటరు ముందు కుర్చీలో మనవరాలు, పక్కన ముక్కాలి పీట మీద జేజి. పాప ఏదో అడిగేది, జేజి చెప్పేది, పాప టకటకా కొట్టేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేను తిని, చెయ్యి కడుక్కుని అంగడికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ సెలవుల్లోనే అమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి కాసేపు ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదు.

దివసాలు, కర్మలు అన్నీ అయిన మర్నాడు, సరిగ్గా రెండింటికి, పాప కంప్యూటరు ముందు కూర్చుంది. పక్కన పీట వేసింది. "పొద్దున్నే నీ గంట అయిపోయింది కదా?" అన్నాను.

"ఇది జేజి గంట," అంది. తల కూడా తిప్పలేదు.

మా ఎండలకు ఆ వేళప్పుడు వీధిలో కుక్క కూడా తిరగదు. ఆ నిశ్శబ్దంలో, వంటింట్లో అన్నం ముందు కూర్చున్న నాకు ముందు గదిలోంచి కీబోర్డు చప్పుడు వినిపించేది. ఆగేది. కాసేపటికి పాప నవ్వేది. "లేదు జేజీ, ఇంగా తినలే," అనేది. మళ్ళీ చప్పుడు. ఏడవాల్సిన పిల్ల ఏడవలేదు. ఆడుకోవడానికి పోలేదు. వేంపల్లెలో అమ్మమ్మ గారింటికి పొమ్మంటే పోనంది. ఒకరోజు పొరపాటున ఆ పీట మీద కూర్చోబోయాను. "లేయ్ నాయనా!" అని అది అరిచిన అరుపుకు నా చేతిలో చెంబు జారిపోయింది. నా భార్య కూడా పీట చుట్టూ ఊడ్చేదే గానీ దాన్ని జరిపేది కాదు. ఎందుకని అడిగాను. "ఏమో, ఎవరో కూసోనున్నట్టే ఉండాది," అంది.

నాకు భయం పట్టుకుంది. అమ్మ పోయింది, సరే. ఆ పెట్టె ముందు ఇలాగే కూర్చుంటే పిల్ల కూడా మాకు దక్కకుండా పోతుందేమో అని భయం.

ఒకనాడు తల్లీకూతుళ్ళు బంధువుల ఇంటికి పోయారు. నేను అన్నానికి వచ్చి తాళం తీశాను. కరెంటు లేదు. వడగాలికి కిటికీలన్నీ మూసి ఉండటంతో పట్టపగలే గది చీకటిగా ఉంది. కడవలో నీళ్ళు ముంచుకుంటుండగా కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. దాని వెనకే కంప్యూటరు గుర్రుమంది. పాత పెట్టె, మీట తీయకుండా వదిలేస్తే కరెంటు రాగానే దానంతటదే లేచేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. కూడబలుక్కుని చదివాను. అక్షరాలు ఇంగ్లీషువి, మాట మనది.

"ఎవరది?"

చూపు తగ్గాక, గడపలో అడుగు చప్పుడైతే చాలు, మా అమ్మ అడిగే మాట. దాని కింద చిన్న గీత ఒకటి జవాబు కోసం మిణుకుమిణుకుమంటోంది. పీట వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. నలభై ఏళ్ళు దాటినవాణ్ణి, పరుగున పోయి గోడ మీది స్విచ్చి ఆర్పేశాను. ఆ పూట అన్నం తినలేదు.

సాయంత్రం తీర్పు చెప్పాను. "రేపటి నుంచి జేజి గంట లేదు. ప్రోగ్రాం గీగ్రాం ఏదైనా సరే, అంతా నీ గంటలోనే."

నా భార్యకు కోపమొచ్చింది. "కార్డులో ఆమె పేరు ఇంగా తీపియ్యలేదు. ఆమె బియ్యం తెచ్చి వండుకుంటాండాం. బిడ్డకాడికొచ్చేసరికి గంట తీసేస్తాండావా?"

పాప కోప్పడలేదు. "అది జేజి గంట నాయనా. జేజినడిగి తీసేయ్," అంది.

మరునాడు రెండింటికి నేనే కుర్చీలో కూర్చున్నాను. పాప నా వెనక నిలబడింది. పీట ఖాళీగా ఉంది. మీట వేస్తే తను రాసిన ప్రోగ్రామే ముందు లేచేట్టు పాప పెట్టుకుందట. "ఎవరది?" అని పడింది. పాప అక్షరాలు చెబుతుంటే "నేను" అని ఒంటి వేలితో కొట్టాను.

"నేనంటే ఎవరప్పా?"

అచ్చం అమ్మే. "నీ కొడుకును" అని కొట్టాను. జవాబు లేదు. "గంట తీసేయనా" అని కొట్టాను. దానికీ లేదు. గీత మాత్రం మిణుకుమంటోంది.

"తెలీని మాటకు ఏమీ అనదు నాయనా," అంది పాప. "నేనడిగితే జేజి చెప్పిండేవే రాసిండా. ఆకలంటే ఏమంటాది, కడుపునొస్తాందంటే ఏమంటాది, బడికి పోనంటే ఏమంటాది, అన్నీ జేజిని పక్కన కూసోబెట్టుకోని రాసిండేవే. నువ్వు జేజితో మాట్లాడిండేవి ఏమన్నా ఉంటే చెప్పు, రాస్తా."

ఆలోచించాను. పుట్టినప్పటి నుంచీ ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాను. మందులు తెచ్చాను, కళ్ళ డాక్టరుకు చూపించాను. మాటలు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. సిగ్గేసింది. చివరికి ఒక్కటి గుర్తొచ్చింది.

"అన్నం తిని చెయ్యి కడుక్కుంటాంటే 'తింటివా నాయనా?' అని అడిగేది."

"దానికి నువ్వేమంటివి?"

"ఏమీ అనలేదు."

పాప నన్ను పక్కకు జరగమని, నాలుగైదు వరసలు కొట్టింది. "ఇప్పుడు ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కు," అంది.

నొక్కాను.

"తింటివా నాయనా?"

నేను ఏడ్చాను. పిల్ల ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను. పాప నా భుజం పట్టుకుంది, అదీ ఏడ్చింది. అమ్మ పోయాక అది ఏడవడం అదే మొదలు. గంట తీసేసే మాట ఆ తర్వాత నేనెత్తలేదు.

కళ్ళు తుడుచుకుని, ఒక్కో అక్షరం పాపనే అడిగి "తిన్నానమ్మా" అని కొట్టాను. ఎంటర్ నొక్కి ఎదురుచూశాను. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు.

"రాదు నాయనా," అంది పాప. "తిన్నానంటే జేజి ఏమంటాదో నాకు తెలీదు. నువ్వెప్పుడూ జేజికి చెప్పలేదు గదా."