కుట్లు కనబడని ఆపరేషన్

మా చంటిపిల్లాడికి తలలో ఆపరేషన్ అయిందంటే భీమవరంలో ఒక్కరూ నమ్మలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. చూడటానికి వచ్చినవాళ్ళంతా ముందు వాడి తల తడిమేవారు. "కుట్లేవమ్మా?" అనేవారు. ముక్కులోంచి చేశారండీ అంటే, "ఓస్, ముక్కుకేనా!" అని కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

పుట్టినప్పటి నుంచీ వాడికి ఒకవైపు ముక్కులోంచి నీళ్ళలా కారేది. అందరూ జలుబన్నారు. వాము పొగ వేశారు, తమలపాకు వెచ్చచేసి మాడు మీద వేశారు. చివరికి జ్వరం ముదిరి, పిల్లాడు మూసిన కన్ను తెరవకపోతే హైదరాబాద్ పరిగెత్తాం. అది చీమిడి కాదు, మెదడు చుట్టూ ఉండే నీరు అన్నారు అక్కడి డాక్టరుగారు. పుర్రె అడుగున, ముక్కుకి సరిగ్గా పైన, పుట్టుకతోనే చిన్న కన్నం ఉందట. ముక్కులోని క్రిములు అందులోంచే మెదడు దాకా వెళ్ళాయట. తల కొయ్యకుండా, ముక్కులోంచే సన్నటి కెమెరా గొట్టం పంపి, వాడి తొడలోంచి తీసిన పొరతో అతుకు వేశారు.

"అతుకు గట్టిపడేదాకా ముక్కులో ఏమీ వెయ్యకూడదు, ఊదకూడదు. ఊడిందంటే మళ్ళీ ఆ జ్వరమే. ఈసారి పిల్లాడు దక్కుతాడని నేను చెప్పలేను" అని చెప్పి మరీ పంపారు.

మా అత్తగారికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. "సరేనమ్మా, నాకు తెలీదా ఏంటి" అన్నారు. మర్నాడు పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లాణ్ణి వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోశారు. మా వీధిలో సగంమంది పిల్లలకి పోసిన చేతులవి. పోయడం అవగానే, ఎప్పటిలాగే, ముక్కు పట్టి సాగదీసి, నోరు దగ్గర పెట్టి ఊదబోయారు.

"అత్తయ్యగారూ!" అని కేకేశాను.

"అయ్యో, ఊదలేదమ్మా!"

ఆ మరుసటి రోజు నూనెలో ముంచిన వేలు ముక్కు దాకా వచ్చింది. ఇక నావల్ల కాలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? తలకి ఇంత కట్టు కట్టి పంపితే ముట్టుకునేవారా? కుట్లు కనబడట్లేదనే కదా ఈ అలుసు! పిల్లాణ్ణి చంపేస్తారా?"

మా ఆయన పేపరు దించి, "అమ్మతో అలాగేనా మాట్లాడేది?" అన్నారు. అయితే మీరొచ్చి పొయ్యండి అన్నాను. మళ్ళీ పేపరెత్తుకున్నారు.

అత్తగారు తెల్లారి నీళ్ళు తోడి, పీట వేసి, నన్ను పిలిచారు.

"నువ్వే పొయ్యమ్మాయ్. నువ్వు చెప్పిందంతా గుర్తుంది. ఈ చేతులే మాట వినట్లేదు."

పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకోవడం కూడా నాకు రాదు. జారిపోతాడేమోనని ఒకటే భయం. ఆవిడ దూరంగా గుమ్మంలో నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, "మెడ కింద చెయ్యి పెట్టు, చెవిలో పడనీకు" అంటూ పోయించారు. తువ్వాలు చుట్టాక కూడా దగ్గరికి రాలేదు.

"ముక్కు చూడమ్మా, తడుందా?"

"లేదండీ, పొడిగానే ఉంది."

"ఇంకోసారి చూడు" అన్నారు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.