అత్తమ్మ పక్కన రెండో పేరు

దయ్యం అనే మాట వింటేనే నాకు చిర్రెత్తుకొస్తుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లు, నేను తెంపి పారేసేదాన్ని. తొమ్మిదేళ్లుగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తున్నాను. ఏ తప్పయినా వెతికితే దొరుకుతుందని నమ్మే మనిషిని. ఇది మాత్రం దొరకలేదు.

మహబూబాబాద్‌లో ఒక చిన్న ఆఫీసు మాది. ఊళ్లలో షుగరున్న ముసలివాళ్లకు ఇంటికే ఇన్సులిన్ చేర్చే ఒక ట్రస్టుకు ప్రోగ్రాం మేమే చూస్తాం. వారానికోసారి వ్యాను బయలుదేరే ముందు, ఏ ఇంట్లో ఎవరెవరికి మందివ్వాలో మా ప్రోగ్రాం కాగితం తీసి డ్రైవర్ చేతిలో పెడుతుంది.

ఒక రోజు పొద్దున్నే కొడకండ్ల నుంచి ఫోన్ వచ్చింది. ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన మూడు వారాలుగా మందు అందక దవాఖానలో పడ్డాడు. డ్రైవర్‌ను నిలదీస్తే పాత కాగితాలు తెచ్చి చూపించాడు. ఆ ఇంటి దగ్గర పేరు లేదు. వరుసకొక అక్షరం చొప్పున కిందికి జారిపోయి ఉంది.

"గిది మిషిన్ల ఏదో చెత్త వచ్చిందనుకున్న అక్కా. గిట్ల వచ్చినయన్ని కొట్టేసుకుంట పోయిన," అన్నాడు.

చూస్తే విషయం ఇది. ఇంట్లో ఇద్దరు రోగులుంటే ప్రోగ్రాంకు వాళ్ల పేర్లు ఒక జాబితాగా, అంటే లిస్టుగా అందుతున్నాయి. ఒక్కరే ఉంటే ఉత్త పేరు, అంటే అక్షరాల స్ట్రింగ్ అందుతోంది. ఆ తర్వాతి లైను దాన్ని కూడా లిస్టే అనుకుని విడదీస్తోంది. అప్పుడు ఒక్కో అక్షరం ఒక్కో రోగి అయి కూర్చుంటోంది. ఇద్దరున్న ఇళ్లకు మందు సక్రమంగా వెళ్లింది. ఒంటరిగా బతికేవాళ్లకే ఆగిపోయింది.

మూడు వారాల కింద మా మేనేజర్ తొందరపెట్టి, పరీక్షించే తీరిక కూడా ఇవ్వకుండా ఎక్కించిన మార్పు అది. వెళ్లి చెప్తే తల కూడా ఎత్తలేదు.

"ఒక్క పేరున్న ఇండ్లల్ల ఏదో ఒక రెండో పేరు కొట్టుమను. గంతే, పనైపోతది. గీ మాత్రానికి గింత లొల్లి ఎందుకు?"

నా ఒళ్లు మండిపోయింది. ఒంటరి మనిషికి మందు అందాలంటే పక్కన ఒక దొంగ పేరు ఉండాలా? రికార్డులు ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి వచ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది. నర్సింహులపేటలో మా మేనత్త రాజవ్వ కూడా ఒక్కతే. మామ పోయి రెండేళ్లు. మందు వస్తోందా అని వెంటనే ఫోన్ చేసి అడిగాను.

"ఎందుకు రాలే బిడ్డా, వారం వారం వచ్చె గదా," అంది.

ఆమె రికార్డు తెరిచాను. రెండు పేర్లున్నాయి. రాజవ్వ, సోమల్లు. రెండో పేరు ఎదురుగా మందు గడి ఖాళీ. అందుకే డ్రైవర్ అత్తమ్మ మందు ఒక్కటే ఇచ్చి వచ్చాడు.

పోయిన మామ పేరు పెట్టి ఎవరో వేళాకోళం చేస్తున్నారని మండిపడ్డాను. కానీ ఆ పేరు చేరింది మూడు వారాల కింద, ఆ తప్పుడు మార్పు ఎక్కించిన రోజే. ఎవరు చేర్చారన్న చోట ఏమీ లేదు. అత్తమ్మను చేర్చినప్పుడు ఆశా వర్కర్ నింపిన కాగితంలో ఒక్క పేరే ఉంది. ఆమె ఆ ఊరికి వచ్చిందే మామ పోయాక.

ఇంకొకటి. మామ పేరు అన్ని కాగితాల్లోనూ సోమయ్య. సోమల్లు అని పిలిచింది వాళ్లమ్మ ఒక్కతే, ఆమె పోయి చాలా ఏళ్లయింది. అత్తమ్మ చెప్పి ఉంటుందా అంటే, మొగుడి పేరు ఏనాడూ నోటితో పలకని మనిషి. రేషన్ షాపులో అడిగినా పక్కింటామె చెప్పాల్సిందే.

ఒక్క పేరు వస్తే దాన్ని ఒక్క పేరున్న లిస్టుగా మార్చేలా సరిచేశాను. రెండంటే రెండు లైన్లు. ఆ రెండు లైన్ల కోసం మనిషి దవాఖాన పాలయ్యాడు. మధ్యాహ్నానికి కొత్త కాగితం తీశాం. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఒంటరివాళ్ల పేర్లన్నీ నిండుగా వచ్చాయి.

అత్తమ్మ ఇంటి దగ్గర రాజవ్వ ఒక్కటే ఉంది. రికార్డు తెరిచి చూశాను. సోమల్లు లేడు. నేను తీయలేదు. నేను రాసిన లైన్లు కాగితం తీసేటప్పుడే పనిచేస్తాయి, రికార్డుల జోలికి పోవు. ఎవరైనా తీసినట్టు ఆనవాలు కూడా లేదు.

కొడకండ్ల పెద్దాయన ఇంటికి తిరిగి రాలేదు. జీతాలు తీసుకునే మేం అయిదుగురం మూడు వారాలు కళ్లు మూసుకుని కూర్చున్నాం. ఆ సిగ్గు నాకు తగ్గదు, మేనేజర్ మీద కోపమూ తగ్గదు.

ఆదివారం వెళ్లి అత్తమ్మకు అంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆమె నామీదే మండిపడింది.

"మరి ఎందుకు తీసేసినవ్?"

"నేను తియ్యలే అత్తమ్మా."

నమ్మలేదు. గోడ వైపు తిరిగి కూర్చునే అంది.

"జర మళ్ల రాయి బిడ్డా. నా పక్కకు ఉండనియ్యి."

ఆ పేరు ఎవరు రాశారో, ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె రికార్డు తెరిచి ఎన్నోసార్లు కూర్చున్నాను గానీ, నా చేత్తో ఆ పేరు మళ్లీ రాయడానికి మనసు ఒప్పుకోలేదు. అత్తమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.